గణితం ల్యాబుకు ఒక్క సర్వర్ చాలు

సంపాదకులకు నమస్కారం.

బడుల్లోనూ కాలేజీల్లోనూ కంప్యూటర్ ల్యాబు అనగానే చర్చంతా ఎన్ని సిస్టములు వచ్చాయి, ఎన్ని మూలన పడ్డాయి అన్న లెక్క దగ్గరే ఆగిపోతోంది. ఆ గదిలో గణితం పాఠం ఎలా నడపాలన్న మాట ఎక్కడా వినపడదు. జాతీయ విద్యా విధానం 2020 మాధ్యమిక దశలోనే, అంటే ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లోనే, కోడింగ్ ఉండాలంది. పై తరగతుల్లో చాలామంది పైథాన్ ఎలాగూ చదువుతున్నారు. వర్గ సమీకరణాలు, మాత్రికలు, అవకలనం, సమాకలనం అన్నీ చేసి చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎప్పటినుంచో ఉంది. అది తరగతి గదిలో నిలబడకపోవడానికి కారణం దాన్ని పెట్టే తీరు. ఆ తీరు గురించే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా ప్రచురించమని మనవి. ఇలాంటి పని సగం చెప్పి వదిలేస్తే, చేయబోయే మాస్టారికి ల్యాబులో ఒక సాయంత్రం వృథా అవుతుంది.

మేము చెబుతున్నది జూపిటర్ నోట్‌బుక్ గురించి. ఫెర్నాండో పెరెజ్ 2001లో మొదలుపెట్టిన ఐపైథాన్ నుంచి 2014లో ఇది విడిగా ఎదిగింది. బ్రౌజర్‌లో ఒక పేజీ తెరుచుకుంటుంది. అందులోని గడిలో లెక్క రాసి షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కితే జవాబు కిందే వస్తుంది. వివరణ, లెక్క, గ్రాఫు అన్నీ ఒకే పేజీలో ఉంటాయి, ఒకే ఫైలుగా సేవ్ అవుతాయి. లెక్క చేసేది మాత్రం ఆ పేజీ కాదు, వెనకాల నడిచే కెర్నెల్ అనే ప్రోగ్రాం. అది విద్యార్థి ముందున్న సిస్టంలోనే ఉండనక్కర్లేదు. గదిలో ఇంకో మూలనున్న సిస్టంలో ఉన్నా సరే, పేజీ అదే విధంగా నడుస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టించుకోకపోవడం వల్లే మన ల్యాబుల్లో ఇంత తిప్పలు.

గణితానికి రెండు దారులున్నాయి. సింపై అనేది పైథాన్‌లోనే రాసిన తేలికైన లైబ్రరీ. పదో తరగతి నుంచి డిగ్రీ కలనగణితం దాకా ఇది సరిపోతుంది. సేజ్‌మ్యాథ్ పెద్దది. విలియం స్టైన్ 2005లో మొదలుపెట్టారు. పారి, గ్యాప్, మాక్సిమా, సింగులర్ వంటి పాత, గట్టి ప్యాకేజీలను ఒకే గొడుగు కిందికి తెచ్చింది. సమూహ సిద్ధాంతం, సంఖ్యా సిద్ధాంతం చెప్పే పీజీ కాలేజీలకు ఇదే కావాలి. కానీ డిస్కులో కొన్ని జీబీలు తింటుంది. విండోస్‌లో నేరుగా ఇన్‌స్టాల్ అయ్యే సెటప్ 2021లో వచ్చిన 9.3 వెర్షన్‌తోనే ఆగిపోయింది. ఆ తర్వాతి వెర్షన్లు కావాలంటే విండోస్ లోపల లినక్స్ నడపాలి. దానికి బయోస్‌లో (సిస్టం లేచేటప్పుడు తెరిచే మూల సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆన్ చేయాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న సిస్టంలో అది నడిచినా నత్తనడకే. పాత పుస్తకాలు చూసి చేసేవాళ్లకు ఇంకో మాట. సేజ్‌కు ఒకప్పుడు సొంత నోట్‌బుక్ ఉండేది. 2020లో వచ్చిన 9.0 నుంచి దాన్ని తీసేసి జూపిటర్‌నే వాడుతున్నారు. 8080 పోర్టు (బ్రౌజర్ అడ్రసు చివర కొట్టే సంఖ్య) తెరవమని చెప్పే సూచనలు ఆ పాత కాలానివి. మామూలు నోట్‌బుక్‌కు ఇప్పుడు పోర్టు 8888.

ఇక మామూలుగా జరిగేది ఏమిటంటే, పెన్‌డ్రైవ్ పట్టుకుని ముప్పై సిస్టముల దగ్గరా కూర్చుని ఒక్కొక్కదానిలో పైథాన్ ఎక్కించడం. మొదటి దెబ్బ సెటప్ మొదటి తెరలోనే తగులుతుంది. పైథాన్‌ను పాత్‌కు (విండోస్ ప్రోగ్రాములను వెతికే చోట్ల జాబితాకు) చేర్చమనే చిన్న పెట్టెలో టిక్ దానంతటది ఉండదు, మనమే పెట్టాలి. మరిచిపోతే జూపిటర్ అని కొట్టినప్పుడు ఆ ఆదేశమే తెలియదంటుంది విండోస్. పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుస్తుంది. అప్పుడు సెటప్ మళ్లీ వేయనక్కర్లేదు. పీవై అని కొట్టి, ఖాళీ వదిలి, మైనస్ ఎం, మళ్లీ ఖాళీ వదిలి నోట్‌బుక్ అని కొడితే చాలాసార్లు తెరుచుకుంటుంది. (ఆదేశాలను పలికినట్టు రాస్తున్నాం. టైపు చేసేది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే.)

రెండో దెబ్బ నెట్టుది. ముప్పై సిస్టములూ ఒకేసారి ప్యాకేజీలు దించుకోబోతే ల్యాబు కనెక్షన్ చేతులెత్తేస్తుంది. ఒక్కచోట, పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్ అనే ప్రోగ్రాంలోని డౌన్‌లోడ్ ఆదేశంతో అన్నిటినీ ఒక ఫోల్డర్‌లోకి దించి, మిగతావాటిలో నో-ఇండెక్స్, ఫైండ్-లింక్స్ అనే రెండు ఆప్షన్లతో ఆ ఫోల్డర్ నుంచే ఎక్కించవచ్చు. అయితే దించిన సిస్టంలోనూ ఎక్కించే సిస్టంలోనూ పైథాన్ వెర్షన్ ఒకటే ఉండాలి. 64 బిట్, 32 బిట్ తేడా కూడా ఉండకూడదు. ఉంటే సరిపడే ప్యాకేజీ దొరకలేదన్న ఎర్రక్షరాలు వస్తాయి. విండోస్ 7 ఇంకా ఉన్నచోట పైథాన్ 3.8 దాటి ఎక్కదు. 3.9 నుంచి ఆ విండోస్‌కు మద్దతు తీసేశారు.

చాలామందిని తికమకపెట్టే ఇంకో తప్పు ఉంది. నెట్టు బాగానే ఉంటుంది, పిప్ మాత్రం సర్టిఫికెట్ (సైటు అసలైనదేనని చెప్పే పత్రం) సరిచూడలేకపోయానంటుంది. ప్రాక్సీ (నెట్టుకు మధ్యవర్తిగా ఉండే సర్వర్) అనీ యాంటీవైరస్ అనీ గంటలు వెతుకుతారు. ముందు తెర మూలన తేదీ చూడండి. ఏడెనిమిదేళ్ల సిస్టంలో మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటుంది. కరెంటు తీసినప్పుడల్లా గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ఆ తేదీ ప్రకారం సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, అందుకే తిరస్కరిస్తుంది. సీఆర్ 2032 అని అడిగితే గడియారాల దుకాణంలోనూ దొరుకుతుంది. కరెంటు తీసి, పాత బిళ్ల ఊడదీసి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది నొక్కి, బయోస్‌లో తేదీ దిద్దితే సరి.

ఇన్ని చేసినా, కొన్ని ల్యాబుల్లో రీస్టార్ట్ కొట్టగానే సిస్టంను పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాన్ని ముందు ఆపకుండా ఎక్కించినవన్నీ మర్నాడు మాయం. దాని పాస్‌వర్డ్ ల్యాబు పెట్టిన కాంట్రాక్టరు దగ్గర ఉంటుంది, మాస్టారి దగ్గర ఉండదు.

అందుకే మా సలహా వేరు. గదిలో ఒక్క సిస్టంను సర్వర్‌గా మార్చండి. మిగతావాటిలో బ్రౌజర్ తప్ప ఏదీ ఎక్కించకండి.

సర్వర్ అంటే భయపడనక్కర్లేదు. నాలుగు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న మామూలు డెస్క్‌టాప్ చాలు. దానిలో ఉబుంటు 22.04 సర్వర్ వేసి, ద లిటిలెస్ట్ జూపిటర్‌హబ్ (పొట్టిగా టీఎల్‌జేహెచ్) అనే ఉచిత ప్యాకేజీ ఎక్కించాలి. ఒకే సిస్టం మీద వంద మంది దాకా వాడుకునేవాళ్ల కోసం తయారైంది అది. ఎక్కించే స్క్రిప్టును నెట్టు నుంచి దించి, అడ్మిన్ పేరు ఒకటి ఇచ్చి నడిపితే పది నిమిషాల్లో పని పూర్తవుతుంది. నెట్టు కావలసింది ప్రధానంగా ఆ పది నిమిషాలకే. ప్యాకేజీలు కూడా అప్పుడే ఎక్కించుకుంటే ఏడాదంతా నెట్టు లేకపోయినా పాఠం నడుస్తుంది. ఆఫీసులో జీతాల బిల్లులు చేసే సిస్టంలో మాత్రం దీన్ని పెట్టకూడదు. ఇది సిస్టం మొత్తాన్ని తన చేతిలోకి తీసుకుంటుంది, అందుకే విడిగా ఒకటి కేటాయించాలి.

ర్యామ్ లెక్క ఇలా వేసుకోవాలి. ఒకేసారి కూర్చునే విద్యార్థుల సంఖ్యను ఒక్కొక్కరికి ఇచ్చే పరిమితితో గుణించి, దానికి 128 ఎంబీ కలపాలి. సింపై, గ్రాఫులు మాత్రమే అయితే ఒక్కొక్కరికి 400 ఎంబీ సరిపోతుంది. ముప్పై మందికి 12,000 ఎంబీ, పైన 128. కాబట్టి 16 జీబీలో ఇమిడిపోతుంది. సేజ్ అయితే ఒక్కొక్కరికి 1 జీబీ, అంటే 32 జీబీ సిస్టం తీసుకోవాలి. ఈ పరిమితి పెట్టడం ఎంత మాత్రం మరవకూడదు. ఒక్క కుర్రాడు కోటి వరుసల జాబితా తయారుచేయబోతే గది మొత్తం హ్యాంగ్ కావచ్చు. పరిమితి ఉంటే ఆ కుర్రాడి కెర్నెల్ ఒక్కటే చచ్చి మళ్లీ లేస్తుంది, పక్కవాళ్లకు తెలియను కూడా తెలియదు. టీఎల్‌జేహెచ్-కాన్ఫిగ్ ఆదేశంలో లిమిట్స్ డాట్ మెమరీకి 400 పక్కన పెద్ద ఎం చేర్చి ఇచ్చి, తర్వాత రీలోడ్ ఇవ్వాలి. రీలోడ్ మరిచిపోయి సెట్టింగు పనిచేయట్లేదని అనుకునేవాళ్లు ఎక్కువ.

అదే చోట ఇంకో సెట్టింగు ఉంది. ఎవరూ వాడకుండా 10 నిమిషాలు గడిచిన విద్యార్థి సర్వర్‌ను ఆపేసేలా మొదటి నుంచే పెట్టి ఉంటుంది. మాస్టారు బోర్డు మీద పావుగంట చెప్పి మళ్లీ సిస్టముల వైపు తిప్పేసరికి పిల్లలు ముందు నిర్వచించుకున్నవన్నీ పోయి ఉండవచ్చు. ఫైలు ఉంటుంది, కెర్నెల్ గుర్తుంచుకున్న విలువలు ఉండవు. 45 నిమిషాల పీరియడ్‌కు ఈ గడువును 3,600 సెకన్లకు పెంచండి.

సర్వర్‌కు ఐపీ అడ్రసు స్థిరంగా ఉండాలి. రౌటర్ ఇచ్చేది ఇచ్చినట్టు వదిలేస్తే కరెంటు పోయి వచ్చినప్పుడు మారిపోతుంది, పిల్లల సిస్టములో దాచిన బుక్‌మార్కు చచ్చుబడుతుంది. ఉబుంటులో నెట్‌ప్లాన్ అనే నెట్‌వర్క్ సెట్టింగుల ఫైలులో 192.168.1.10 లాంటిది రాయాలి. ఆ ఫైలులో ట్యాబ్ నొక్కకూడదు, ఖాళీలు స్పేస్‌బార్‌తోనే పెట్టాలి. తప్పు రాస్తే సర్వర్ నెట్‌వర్కు నుంచి జారిపోతుంది కాబట్టి నెట్‌ప్లాన్ అప్లై బదులు నెట్‌ప్లాన్ ట్రై వాడండి. రెండు నిమిషాల్లో మీరు ఎంటర్ నొక్కి ఒప్పుకోకపోతే పాత అమరికకే వెనక్కి వెళ్తుంది. పిల్లలు అడ్రసు కొట్టేటప్పుడు ముందు హెచ్‌టీటీపీ అని రాయాలి. చివర ఎస్ చేరిస్తే పేజీ రాదు. మనం పెట్టింది ల్యాబు లోపలి సర్వర్, దానికి సర్టిఫికెట్ లేదు. అందుకే దాన్ని బయటి నెట్టుకు తెరవకూడదు కూడా. నోట్‌బుక్ చేతికి చిక్కిందంటే ఆ సిస్టంలో ఏ ఆదేశమైనా నడపవచ్చు. తొందరపని కోసం మామూలు నోట్‌బుక్‌ను టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి తాళం) తీసేసి గదంతటికీ తెరిచిపెట్టే అలవాటు కొన్నిచోట్ల కనిపిస్తుంది. అది చాలా ప్రమాదం, దయచేసి మానండి.

పిల్లల పేర్లు అడ్మిన్ పేజీలో వరుసకొకటి చొప్పున ఒకేసారి అతికించవచ్చు. పేర్ల కంటే రోల్ నంబర్లు మేలు. ఒకే పేరున్నవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. మొదటిసారి లాగిన్ అయ్యేటప్పుడు ఏ పాస్‌వర్డ్ కొడితే అదే ఖాయమవుతుంది, కనీసం 7 అక్షరాలు ఉండాలి. పీరియడ్ మొదట్లోనే పాస్‌వర్డ్ మరిచిపోయిన వాళ్లు తప్పక ఉంటారు. అడ్మిన్ పేజీలో ఆ రోల్ నంబరును తొలగించి మళ్లీ చేర్చండి. పిల్లవాడు కొత్త పాస్‌వర్డ్‌తో లోపలికి వస్తాడు. తొలగించడం అంటే ఫైళ్లు పోతాయేమోనని చాలామంది జంకుతారు. పోవు, హోం ఫోల్డర్ అలాగే ఉంటుంది.

లాగిన్ అయింది, పేజీ వచ్చింది, షిఫ్ట్ ఎంటర్ నొక్కితే గడి పక్కన నక్షత్రం గుర్తు పడి ఎంతసేపైనా కదలదు. ల్యాబుల్లో తరచుగా వచ్చే ఫిర్యాదు ఇదే. కెర్నెల్‌కూ పేజీకీ మధ్య మాటలు నడిచేది వెబ్‌సాకెట్ అనే దారిలో. కాలేజీ ప్రాక్సీ గానీ యాంటీవైరస్‌లోని వెబ్ కాపలా గానీ మామూలు పేజీలను వదిలి ఈ దారిని మూసేస్తాయి. బ్రౌజర్ ప్రాక్సీ సెట్టింగులో 192.168తో మొదలయ్యే అడ్రసులకు ప్రాక్సీ వద్దని రాస్తే తీరిపోతుంది. పేజీ మొత్తం తెల్లగా ఉండిపోతే అది వేరే జబ్బు, బ్రౌజర్ పాతబడిందని అర్థం. విండోస్ 7లో క్రోమ్ కొత్త వెర్షన్లు 2023 నుంచి రావడం లేదు. అక్కడ ఫైర్‌ఫాక్స్ 115 వాడుకోవాలి. విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. అటువంటి పాత సిస్టములను పారేయకుండా తేలికపాటి లినక్స్, ఫైర్‌ఫాక్స్ వేసి కిటికీల్లా వాడుకోవచ్చు. లెక్కలు చేసేది సర్వరే కాబట్టి 4 జీబీ ర్యామ్ వాటికి ధారాళం.

కరెంటు సంగతి విడిగా చెప్పాలి. యూపీఎస్ సర్వర్‌కు పెట్టి నెట్‌వర్క్ స్విచ్‌ను మామూలు ప్లగ్గులో వదిలేస్తారు. కరెంటు పోగానే సర్వర్ బతికే ఉంటుంది, దాన్ని చేరే దారి ఉండదు. రెండూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి. పిల్లవాడి సిస్టం ఆరిపోతే కంగారు లేదు. మళ్లీ లాగిన్ అయితే కెర్నెల్ ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. అయితే తెర మీద టైపు చేసింది రెండు నిమిషాలకోసారే దానంతటది సేవ్ అవుతుంది, కాబట్టి కంట్రోల్ ఎస్ అలవాటు చేయించండి. సర్వరే ఆరిపోయి ఒక ఫైలు తెరుచుకోకపోతే, దాని పక్కనే చుక్కతో మొదలయ్యే చెక్‌పాయింట్ల ఫోల్డర్ దాగి ఉంటుంది. చివరి మంచి ప్రతి చాలాసార్లు అందులో దొరుకుతుంది. వారానికోసారి హోం ఫోల్డర్లన్నిటినీ మూటకట్టి బయటి డిస్కులోకి తీయాలి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32లో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ మించిన ఫైలు ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకోండి.

ఇంత చేశాక అసలు పాఠం. పైథాన్‌కు గణితం పుస్తకం రాత అర్థం కాదన్నది మొదటి గంటలోనే పిల్లలకు చెప్పాలి. ఘాతానికి టోపీ గుర్తు వాడి 5, టోపీ, 2 అని కొడితే 25 రాదు, 7 వస్తుంది. పైథాన్‌లో ఆ గుర్తుకు అర్థం వేరు, రెండు సంఖ్యల బిట్లను పోల్చే పని అది. ఎర్రక్షరాలు రావు, తప్పు జవాబు నిమ్మళంగా కింద కూర్చుంటుంది. అందుకే ఇది ప్రమాదకరం. ఘాతానికి నక్షత్రం గుర్తు రెండుసార్లు కొట్టాలి. సేజ్‌లో అయితే టోపీ గుర్తు ఘాతంగానే పనిచేస్తుంది. ఇందులో పిల్లల తప్పేమీ లేదు, ఒకచోట నేర్చుకుని మరోచోట కూర్చుంటే ఎవరైనా పడతారు. అలాగే 1/3 అని రాస్తే పైథాన్ దశాంశంలోకి దిగిపోతుంది. భిన్నం భిన్నంగా ఉండాలంటే సింపైలో రేషనల్ అని రాసి బ్రాకెట్లో 1, 3 ఇవ్వాలి. ఎక్స్‌ను చరరాశిగా ముందు సింబల్స్ ఆదేశంతో ప్రకటించాలి. ఇవి కుదిరాక ఎక్స్ నాలుగో ఘాతం ప్లస్ 4ను కారణాంకాలుగా విడగొట్టమనండి. రెండు వర్గ బహుపదుల లబ్ధంగా వస్తుంది. ఎందుకలా వచ్చిందో కాగితం మీద చేసి చూపించమనండి. కంప్యూటర్ జవాబు చెప్పాక కాగితం దగ్గరికి పరుగెత్తించే లెక్కలే ఈ ల్యాబుకు తగినవి.

పెద్ద సంఖ్యలంటే పిల్లలకు మోజు. 2ను 20,000 ఘాతానికి పెంచమంటారు. దానికి 6,021 అంకెలు. పైథాన్ 3.11 నుంచి 4,300 అంకెలు దాటిన పూర్ణాంకాన్ని తెర మీద చూపించకుండా తప్పు చూపిస్తుంది. లెక్క చేయలేక కాదు, భద్రత కోసం పెట్టిన అడ్డు అది. సిస్ మాడ్యూల్‌లో సెట్ ఇంట్ మ్యాక్స్ ఎస్‌టీఆర్ డిజిట్స్ అనే ఆదేశానికి 0 ఇస్తే తొలగిపోతుంది. వెయ్యి ఫ్యాక్టోరియల్ 2,568 అంకెలే కాబట్టి అడ్డు తగలదు, రెండు వేల ఫ్యాక్టోరియల్ తగులుతుంది.

గడులను పైనుంచి కిందికి కాకుండా ఇష్టమొచ్చిన వరుసలో నడపడం మరో చిక్కు. పైన మార్చిన విలువ కింద పాతదిగానే ఉండి జవాబు తేడా వస్తుంది. గడి పక్కన బ్రాకెట్లో అంకె ఏ వరుసలో నడిచిందో చెబుతుంది. మార్కులు వేసే ముందు కెర్నెల్ రీస్టార్ట్ చేసి అన్ని గడులూ మొదటి నుంచి నడిపించండి. అప్పుడు వచ్చిందే అసలు జవాబు.

తెలుగు మాధ్యమం పిల్లలకు ఇందులో ఒక పెద్ద వరం ఉంది. పైథాన్ 3లో చరరాశుల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. వ్యాసార్థం అని రాసి, సమానం పెట్టి 7 ఇస్తే చక్కగా తీసుకుంటుంది. ఒకే ఒక్క జాగ్రత్త కావాలి. పొల్లు తర్వాతి అక్షరం కిందికి ఒత్తుగా దిగకుండా మనం టైపింగులో ఒక కనపడని అక్షరం వాడుతుంటాం. బేస్‌లైన్ అని రాసేటప్పుడు స్, లై మధ్య ఉండేది అదే. పైథాన్ దాన్ని పేరులో ఒప్పుకోదు, యు ప్లస్ 200సి అనే ముద్రించరాని అక్షరం ఉందని ఆపేస్తుంది. కంటికి ఏ తప్పూ కనపడదు, పిల్లవాడు పదిసార్లు చూసుకుంటాడు. ఆ పదం చెరిపేసి, ఆ అక్షరం అవసరం లేని పేరు పెట్టాలి. వాట్సాప్‌లో వచ్చిన కోడు అతికించినప్పుడు వంకర కొటేషన్ గుర్తులతోనూ ఇదే గోల.

వివరణ గడుల్లో తెలుగు నిక్షేపంగా వస్తుంది, ఎందుకంటే అక్షరాలను కూర్చేది బ్రౌజర్. ఫాంటు ఉండాల్సింది పిల్లవాడి సిస్టంలోనే, సర్వర్‌లో అక్కర్లేదు. లినక్స్ సిస్టములో పోతన, వేమన ఫాంట్లున్న ప్యాకేజీ వేస్తే సరి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీ గీసే గ్రాఫు మీద తెలుగు పేర్లు మాత్రం మన ల్యాబుల్లోని వెర్షన్లలో సరిగా రావు. ఫాంటు మార్చకపోతే డబ్బాలు పడతాయి, మారిస్తే అక్షరాలు వస్తాయి గానీ ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. గ్రాఫు మీద తెలుగే కావాలంటే ప్లాట్లీ వాడండి. అది అక్షరాల పనిని బ్రౌజర్‌కే వదులుతుంది కాబట్టి క్షేత్రఫలం అని రాస్తే క్షేత్రఫలం అనే వస్తుంది.

సర్వర్‌కు 16 జీబీ సిస్టం దొరకని బడికి జూపిటర్‌లైట్ ఉంది. అందులో పైథాన్ బ్రౌజర్ లోపలే నడుస్తుంది. ఒక ఫోల్డర్‌ను ఏదో ఒక సిస్టం నుంచి పైథాన్‌లోని హెచ్‌టీటీపీ సర్వర్‌తో పంచితే చాలు. ఫోల్డర్‌లోని పేజీని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే మాత్రం నడవదు. ఇంకొకటి, మామూలుగా తయారుచేస్తే అది పయోడైడ్ అనే భాగాన్ని నెట్టు నుంచి తెచ్చుకుంటుంది. నెట్టు లేని బడిలో కెర్నెల్ లేవదు. తయారుచేసేటప్పుడే పయోడైడ్ మూటను కూడా ఆ ఫోల్డర్‌లో కలపాలి. పిల్లల పని బ్రౌజర్‌లోనే దాగుతుంది గనక కుకీలు, సైట్ డేటా చెరిపితే అదీ పోతుంది. పీరియడ్ చివర ఫైలు డౌన్‌లోడ్ చేయించాలి.

విద్యాశాఖ నుంచి మేము అడిగేది పెద్దదేమీ కాదు. కొత్త ల్యాబుకు టెండరు పిలిచేటప్పుడు ఒక సిస్టంకు 16 జీబీ ర్యామ్, యూపీఎస్, విడి స్విచ్ అని మూడు ముక్కలు రాయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ బడికి అప్పగించనిదే బిల్లు చెల్లించకూడదన్న షరతు చేర్చండి. కేరళలో కైట్ సంస్థ ఉబుంటు మీద కట్టిన ఆపరేటింగ్ సిస్టంను జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌తో సహా బడులకు తయారుచేసి ఇస్తోంది. అలాంటి డిస్కు కాపీ ఒకటి, జూపిటర్‌హబ్, సింపై, తెలుగు ఫాంట్లతో, ఎస్‌సీఈఆర్‌టీలు (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లు) రెండు రాష్ట్రాలకూ కలిసి తయారుచేయవచ్చు. ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ వంటి సంస్థల వాళ్లకు తెలుగులో ఈ పని కొత్త కాదు. శిక్షణకు ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలున్నాయి, కొన్ని తెలుగులోనూ విన్నాం.

పని మొదలుపెట్టే మాస్టర్లకు వేసవి సెలవులే అదను. మొదట మూడు సిస్టములు కలిపి రెండు రోజులు నడపండి, తర్వాత ముప్పైకి వెళ్లండి. సర్వర్ ఐపీ అడ్రసు, అడ్మిన్ పేరు, పాస్‌వర్డ్, బ్యాకప్ డిస్కు ఉన్న చోటు ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, ప్రధానోపాధ్యాయుల బీరువాలో ఉంచండి. మాస్టారికి బదిలీ అయిన మర్నాడు ఆ కవరు లేకపోతే కొత్తగా వచ్చినవాళ్లు చేయగలిగింది సర్వర్‌ను ఫార్మాట్ కొట్టడమే, పిల్లల ఏడాది పనంతా అందులోనే పోతుంది.

ఇట్లు,
గణిత అధ్యాపకులు, కంప్యూటర్ ల్యాబు నిర్వాహకులు,
హనుమకొండ